రంగునీటిపై వినరాని నాదము

గడచిన మాసమున ఈ పుటలో, క్రొత్తచీరను తొలిసారి తడిపినపుడు కాఱెడి రంగును గుఱించి వ్రాసియుంటిని. దానిని చదివి పలువురు సోదరీమణులు జాబులు వ్రాసిరి. అందొకామె ప్రశ్న నన్ను నెలయంతయు విడువలేదు. "మన బొక్కెనలోని రంగునీరు పెరటికాలువలో కలిసినచో అంతటితో తీఱినదనుకొందుము. అద్దకపు కర్మాగారముల నుండి ప్రతిదినమును వెలువడు నీరు ఏమగుచున్నది? దానిని ధ్వనితో శుద్ధిచేయవచ్చునని మా అబ్బాయి ఎక్కడనో చదివి చెప్పినాడు. ధ్వనికిని రంగునకును సంబంధమేమి?" అని ఆమె అడిగినది. ప్రశ్న చిన్నదే, ఉత్తరము మాత్రము చిన్నది కాదు.

సంస్కృతమున "రాగ" శబ్దమునకు రంగనియు నర్థము, పాటలోని రాగమనియు నర్థము. నిఘంటువు వల్లించెడి చిన్ననాట ఈ రెంటికిని పొత్తేమని నాయనగారిని అడుగగా, "రెండును పట్టుకొనునవే తల్లీ, పట్టిన విడువవు" అని నవ్విరి. అద్దకపు రంగు విషయమున ఆ మాట అక్షరాల నిజము. విడువకపోవుటయే దాని గుణము, విడువకపోవుటయే దాని దోషము.

మంజిష్ఠయు నీలియు అమరకోశమున వనౌషధివర్గములోనివి. అనగా వైద్యుడును అద్దకపువాడును ఒకే తోటకు పోవుచుండెడివారన్నమాట. మన మచిలీపట్టణపు కలంకారీ పనివారు ఎఱుపునకు చిరువేరును, నీలమునకు నీలియాకును, రంగు నిలుచుటకు కరక్కాయను పటికను వాడుచుండిరి. పూర్వపు అద్దకమంతయు పవిత్రము, నేటిదంతయు పాపమని నేననను. ఆ కాలమున మంచి యెఱుపు బట్ట కట్టగలిగినవా రెందఱు? అయినను ఆ చెట్టుచేమల కషాయములు ఏటిలో కలిసినపుడు అందలి సూక్ష్మజీవులకు అవి యెఱిగిన తిండియే.

1856లో లండనునందు విలియమ్ హెన్రీ పెర్కిన్ అను 18 ఏండ్ల బాలుడు, చలిజ్వరపు మందగు క్వినైనును తారునుండి లభించు పదార్థములతో చేయబూని, దానికి మాఱుగా ఊదారంగును పొందెను. కృత్రిమపు రంగుల కథ అక్కడినుండి సాగినది. 1897లో జర్మనీ దేశమున కృత్రిమ నీలి అమ్మకమునకు వచ్చినది. కాలక్రమమున మన దేశపు నీలితోటలు అంతరించినవి. నేడు కర్మాగారములలో తయారగు రంగులలో సగమునకు పైగా "అజో" అను ఒకే కుటుంబమునకు చెందినవి. వీని అణువు నడుమ రెండు నత్రజని పరమాణువులు జంటగా చేయి చేయి పట్టుకొని యుండును. ఆ జంటకు ఇరుప్రక్కల బెంజీను వలయములు అమరియుండును. వెలుతురులో కొంతభాగమును మ్రింగి కొంత విడుచు శక్తి ఆ జంటకూడలి వలననే కలుగుచున్నది. ఆ కూడలి తెగినయెడల రంగు మాయమగును. పాఠకురాండ్రు ఈ మాటను గుర్తుంచుకొనవలెను. దీనితో మున్ముందు పని యున్నది.

ఎండకు వెలవెలబోనిది, చెమటకు చెదరనిది, సబ్బునకు లొంగనిది కావలెనని మనము కోరితిమి. రసాయనికులు అట్టి రంగునే చేసియిచ్చిరి. ఎండకును సబ్బునకును లొంగనిది మురుగునీటి తొట్టెలోని సూక్ష్మజీవులకు మాత్రము లొంగునా? ఇంట గుణమైనది ఏట దోషమైనది. పైగా అద్దకమున వేసిన రంగంతయు బట్టకు పట్టదు. 1956లో వాడుకకు వచ్చిన "రియాక్టివు" రంగులు నూలుతో గట్టిగా ముడిపడునవేగాని, ఆ తొట్టెలోనే నీటితో కూడ ముడిపడును. అట్లు నీటితో ముడిపడిన భాగము ఇక బట్టకు అంటదు. రంగునుబట్టి, పనితనమునుబట్టి పదింట ఒక పాలు మొదలు కొన్నియెడల సగము దాకా ఇట్లు వృథాగా పోవును. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము రంగున్నను కంటికి కనబడును. ఆ రంగు సూర్యరశ్మిని అడ్డగించుటచేత ఏటిలోని నాచును మొక్కలును నలుగును. గాలి సోకని బురదలో కొన్ని అజోరంగుల జంటకూడలి సూక్ష్మజీవులచే తెగి "అమైను"లను పదార్థములు పుట్టును. వానిలో బెంజిడీను వంటివి పుట్టకురుపు కలిగించునవి. ఈ కారణముననే 1997లో మన ప్రభుత్వము 70 అజోరంగుల వాడుకను నిషేధించినది.

ఇది యెంత దూరము పోవునో తెలియుటకు తమిళదేశపు తిరుప్పూరు చాలును. బనియనులకు పేరుగన్న ఆ పట్టణము నొయ్యలు నది యొడ్డున నున్నది. దిగువన ఒరత్తుపాళయమువద్ద పైరుల సాగుకై ఆనకట్ట కట్టిరి. ఏమి ప్రయోజనము? అద్దకపు నీరు వచ్చి అందులో నిలిచినది. ఆనకట్ట నీరు మాకు వలదని రైతులే మొఱపెట్టుకొను కాలము వచ్చినది. కడకు 2011 జనవరిలో మద్రాసు ఉన్నత న్యాయస్థానము అక్కడి అద్దకపు కర్మాగారములను మూసివేయుడని ఆజ్ఞాపించినది. మూసిననాడు పని పోయినవారిలో స్త్రీలు ఎందఱుందురో, మూయని యేండ్లలో ఆ నీటితో బ్రదికిన దిగువయూళ్ల స్త్రీలు ఎందఱుందురో మీరే యోచింపుడు. నాకు ఇరువురును కనబడుచున్నారు. కావుననే శుద్ధిచేయు ఉపాయము నిజముగా పనిచేయునా లేదా యను ప్రశ్న విద్వాంసులకే విడువదగినది కాదు.

ఇక ధ్వని సంగతి. మన చెవి సెకనుకు 20 మొదలు 20 వేల కంపనముల వఱకు వినగలదు. అంతకు మించినది అతిధ్వని. గబ్బిలము చీకటిలో దారి తెలిసికొనునది దీనితోనే. విద్యుత్తు సోకినపుడు సాగుచు ముడుచుకొనుచు నుండెడి పింగాణివంటి పలకలతో దీనిని పుట్టింతురు. ఈ ధ్వని నీటిలో ప్రవేశించినపుడు నీరు క్షణమున లక్షలమాఱులు లాగబడి, నొక్కబడుచుండును. లాగబడిన చోట అతిసూక్ష్మములగు బుడగలు పుట్టి పెరుగును. నొక్కబడునప్పటికి హఠాత్తుగా కూలిపోవును.

ఎసటిలోని బుడగను మనము దినమును చూచుచునే యున్నాము. అది మెల్లగా పైకి తేలి ఉపరితలమున పగులును. ఈ బుడగ అట్లు కాదు. పైకి రాదు, నీటి నడుమనే లోనికి కూలును. సైకిలు చక్రమునకు గాలి కొట్టునపుడు పంపు వేడెక్కును గదా. గాలిని త్వరగా నొక్కినచో వేడి పుట్టును. బుడగలో చిక్కిన ఆవిరియు గాలియు సెకనులో పదిలక్షలవవంతుకన్న తక్కువ కాలమున నొక్కబడుటచేత అందలి వేడిమి సుమారు 5 వేల డిగ్రీలకు పోవును. సూర్యబింబపు ఉపరితలమునకు ఇంచుమించు సమానమన్నమాట. అయినను ఆ బుడగ ఆవగింజకన్న ఎన్నో రెట్లు చిన్నది, ఆ క్షణము రెప్పపాటుకన్న ఎన్నో రెట్లు చిన్నది; కావున తొట్టెలోని నీరు మొత్తముమీద గోరువెచ్చనై యూరకుండును. ఓడల వెనుక తిరుగు చక్రముల యినుమును ఇట్టి బుడగలు కొఱికివేయుచుండుట చూచి, బుడగ కూలునపుడెంత ఒత్తిడి పుట్టునో 1917లో ర్యాలీ ప్రభువు లెక్కగట్టెను. 1927లో అమెరికాలో రిచర్డ్సు, లూమిసు అను నిరువురు అతిధ్వని రసాయనక్రియలను నడుపగలదని చూపిరి.

ఆ వేడిమిలో నీటి అణువే రెండుగా చీలును. ఒక ముక్క హైడ్రోజను. రెండవది హైడ్రాక్సిల్ రాడికల్. ఈ రెండవది మహా ఆకలిగొన్నది. ఎదుటనున్న దేదైనను దాని అంగమును కొఱికి తాను తృప్తిపడును. దాని ఆయువు సెకనులో అత్యల్పభాగము. రంగు అణువు ఉప్పువలె నీటిలో కరగియుండునే గాని ఆవిరియై బుడగలోనికి పోదు. కావున దానిని బుడగ అంచున, బుడగ చుట్టునున్న నీటియందు ఈ రాడికలే పట్టుకొని విఱుచును. సెకనుకు 20 వేల కంపనముల ధ్వనిలో బుడగలు పెద్దవి, వాని తాకిడి మోటైనది. మైల వదల్చుటకు అది తగినది. పెద్ద నగలదుకాణములలో గాజులను ఉంగరములను తొట్టెలోని నీటిలో నుంచి క్షణములో తళతళలాడించుట మీరు చూచియేయుందురు. అక్కడ 40 వేల కంపనముల ధ్వని వాడుట వాడుక. రంగును విఱుచుటకు మాత్రము కొన్ని లక్షల కంపనముల ధ్వని మేలు. అప్పుడు రాడికల్సు ఎక్కువగా నీటిలోనికి వెలువడును.

ఇక్కడ ఒక సందేహమునకు సమాధానము చెప్పి ముందునకు పోయెదను. గర్భవతులకు చేయు స్కానింగును అతిధ్వనియే గదా, బిడ్డచుట్టునున్న నీటిలోను ఇట్లే జరుగునా యని కొందఱు భయపడవచ్చును. అక్కడ వాడునది పదిలక్షలకు పైబడిన కంపనముల ధ్వని. దానిలో బుడగలు పుట్టుట కష్టము. పైగా అది ఎడతెగక మ్రోగునది కాదు, చిన్నచిన్న తునుకలుగా పంపి ప్రతిధ్వనిని వినునది. దాని బలమును హద్దులో నుంచుటకు యంత్రముననే ఏర్పాటున్నది. వైద్యురాలు అవసరమని చెప్పినపుడు సందేహింపక చేయించుకొనుడు. వేడుకకై మాటిమాటికి వలదు.

ధ్వని యొక్కటియే పనిచేయుటలో ఒక నష్టమున్నది. పుట్టిన రాడికల్సులో పెక్కు రంగును చేరకముందే ఒకదానితో నొకటి కలిసి హైడ్రోజన్ పెరాక్సైడుగా మాఱి చల్లబడును. వండిన అన్నము అతిథిని చేరక వంటయింటనే చల్లాఱినట్లు. ఇక్కడనే ఉత్ప్రేరకము అక్కఱకు వచ్చును. ఉత్ప్రేరకమనగా తాను తరుగక ఇతరుల క్రియను త్వరపెట్టు పదార్థము. ఇనుపలవణము చేరినచో హైడ్రోజన్ పెరాక్సైడు మరల చురుకైన రాడికలై పనిలో దిగునని 1894లో ఫెంటన్ అను ఆంగ్లరసాయనికుడు చేసిన పరిశోధన మనకు దారి చూపినది. ధ్వని వృథాచేసినదానిని ఇనుము ఏరి మరల పనిలో పెట్టును. ఈ పొత్తు నాకు మిగుల నచ్చినది. మంచి కాపురమునందును జరుగునదిదియే గదా. కాని దీనికి నీరు పులుపుగా నుండవలెను. పని ముగిసినపిమ్మట ఇనుపతుక్కు బురదగా మిగులును, దానికొక చోటు చూపవలెను.

రెండవ జాతి ఉత్ప్రేరకములు పొడులు. గోడల తెల్లరంగులో వాడు టైటానియమ్ డయాక్సైడు వానిలో మొదటిది. దానిపై వెలుతురు సోకినపుడు నీరు విడిపోవునని 1972లో జపానుదేశపు ఫుజిషిమా, హోండాలు ప్రకటించిరి. ధ్వనితోడి తొట్టెలో ఆ పొడి రేణువులు బుడగలు పుట్టుటకు మొలకగుంటల వలె నుపయోగపడును. కూలు బుడగ లిప్తకాలము మినుకుమను వెలుతురును విడుచును. ఆ వెలుతురే పొడిని మేల్కొలుపునని కొందఱు, వేడియే యని కొందఱు. పండితులలో ఇంకను వాదమున్నది. ధ్వని తన వంతుగా పొడిపై మైల పేరుకొనకుండ కడుగుచుండును. పొడిని నీటినుండి మరల తీయుట కష్టము గనుక, దానికి అయస్కాంతమునకు లొంగెడి ఇనుపగర్భమును చేర్చి, పని ముగిసినంతనే అయస్కాంతముతో లాగివేయు ఉపాయమును కనుగొనిరి. ముగ్గుపిండిలో పడిన గుండుసూదిని తీసినట్లన్నమాట.

ప్రయోగశాలలలో ఈ పరీక్షలను తఱచుగా మిథైల్ ఆరెంజి, రోడమిన్-బి అను రంగులపై చేయుదురు. మొదటిది మావారి పాఠశాలలో ఆమ్లక్షారముల పాఠమునకై సీసాలో నుండునదే. రెండవది 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వము పీచుమిఠాయిని నిషేధించుటకు హేతువైనది. గంటయో రెండుగంటలో ధ్వని సాగించినపిమ్మట ఎఱ్ఱని నీరు తేటపడును. చూచువారికి ఆనందము కలుగును. ఇక్కడనే మనము నిలిచి యోచింపవలెను.

మా పినతల్లి కూతురి అత్తవారియూరు నేతపనివారి యూరు. ఒకమాఱు నేను వెళ్లినపుడు, ఒక అద్దకపు కొట్టమున బానలోని ఊదానీటిలో బట్టలచలువకు వాడు బ్లీచింగును గుమ్మరించిరి. కొంతసేపటికి నీరు తెల్లబడినది, కాలువలోనికి వదలివేసిరి. మా చెల్లెలు సంతోషముతో, "చూచితివా అక్కయ్యా, ఇప్పుడెవరును మమ్ము మాటనుటకు లేదు" అన్నది. "రంగు పోయినదమ్మా, మఱి రంగుచేసిన సరకెక్కడికి పోయినది?" అని నేనడిగితిని. ఆమె ఒక్కక్షణము బానవైపు చూచి, "అదియేమి మాట? కనబడనిదానిని ఎవరు పట్టుకొందురు?" అన్నది. ఆ కాలువ దిగువనే వారి దొడ్డిపశువులు నీళ్లు త్రాగును.

జంటకూడలి తెగినయెడల రంగు మాయమగునని పైన వ్రాసితిని. అనగా అణువు నడుము విఱిగినదే గాని అణువు నశింపలేదు. అటునిటు నున్న వలయములు నీటిలోనే యున్నవి. అవి కొన్నియెడల మొదటిదానికన్న చెడ్డవి. పాలసముద్రమును చిలికినపుడు అమృతమునకు ముందు హాలాహలము పుట్టినది గదా. చిలుకుట అంతటితో ఆపియుండినచో లోకమునకు మిగులునది విషమే. బ్లీచింగు విషయమున క్లోరిను ఆ ముక్కలకు అంటుకొని మఱింత మొండి పదార్థములను పుట్టించును. హైడ్రాక్సిల్ రాడికలున కా దోషము లేదు, చాలినంతకాలము పనిచేయనిచ్చినచో వలయములను కూడ విఱిచి బొగ్గుపులుసు గాలిగను నీరుగను మార్చగలదు. కాని రంగు పోవుటకు పట్టు కాలము వేఱు, కర్బనమంతయు పోవుటకు పట్టు కాలము వేఱు. రంగు పూర్తిగా పోయిన నీటిలో కర్బనము చాలభాగము మిగిలియుండుట సామాన్యము. కావున మంచి పరిశోధకులు రంగు కొలతతో తృప్తిపడక, మిగిలిన కర్బనమును కూడ కొలిచి చెప్పుదురు. చెప్పని వ్యాసములును లేకపోలేదు; వానిని నేను సగము వ్యాసములని యందును.

ఇక ఖర్చు. గృహిణికి ఖర్చు చెప్పక శాస్త్రము చెప్పుట ఉప్పులేని పప్పు. ఉదాహరణకు 100 వాట్ల యంత్రమొకటి అరలీటరు నీటిపై గంటసేపు పనిచేసిన దనుకొందము. అది యూనిట్టులో పదవవంతు విద్యుత్తు. లీటరునకు ఐదవవంతు యూనిట్టు. మన మిద్దెపైనుండు వేయిలీటర్ల తొట్టెడు నీటికి 200 యూనిట్లు. నడితరగతి సంసారమునకు అది నెలపొడుగునను సరిపోవు విద్యుత్తు! సాధారణపు మురుగునీటిని సూక్ష్మజీవులచేత శుద్ధిచేయించుటకు వేయిలీటర్లకు ఒక యూనిట్టుకూడ పట్టదు. కిలో నూలుబట్టను తెల్లజేసి, అద్ది, జాడించుటకు నూఱులీటర్లకు పైగా నీరు కావలసియుండగా, ఆ నీటినంతటిని ధ్వనితో శుద్ధిచేయుదుమనుట పట్టుచీరతో ఇల్లు తుడిచినట్లుండును. ఆ విద్యుత్తునకై ఎక్కడనో బొగ్గు కాలవలెను. ఒకయూరి మైల మఱొకయూరి పొగయగును.

అట్లని ఈ విద్య వ్యర్థమని తలంపరాదు. దానికి తగిన చోటున దానిని నిలుపవలెను. అద్దకమున అసలు రంగుతొట్టె నీరు కొంచెము, చిక్కనిది. జాడింపు నీరు విస్తారము, పలుచనిది. వాడుకలో రెంటిని ఒకే కాలువలో కలిపివేయుదురు. వేఱుగా పట్టినయెడల ఆ కొంచెపు చిక్కని నీటిపైననే ధ్వనిని ప్రయోగింపవచ్చును. మొండి అణువులను సూక్ష్మజీవులు నమలగలంత ముక్కలుగా విఱిచి, మిగిలినపని వానికి అప్పగింపవచ్చును. పసిబిడ్డకు మెదిపి పెట్టినట్లు. మఱియొక త్రోవ కూడ గలదు. బుడగలు పుట్టుటకు ధ్వనియే కావలెనని లేదు. నీటిని ఇఱుకైన రంధ్రముగుండ వేగముగా త్రోసినను పుట్టును. దీనికి పంపు చాలును, ఖర్చును తగ్గును, పెద్దమొత్తమునకును పనికివచ్చును. ఈ విషయమున ముంబయిలోని రసాయన సాంకేతిక విద్యాసంస్థలో అనిరుద్ధ పండిట్ గారును వారి సహచరులును చిరకాలము కృషిచేసిరి.

ఒక్కటి మాత్రము ధ్వనికిని ఉత్ప్రేరకమునకును బుడగలకును లొంగదు. అది ఉప్పు. రియాక్టివు రంగు నూలుకు పట్టుటకై తొట్టెలో ఉప్పు విస్తారముగా పోయుదురు. రంగు పోయినను, కర్బనము పోయినను ఆ ఉప్పు నీటిలోనే యుండి పొలములను చవుడు చేయును. నొయ్యలు దిగువ రైతుల కడగండ్లలో ఈ ఉప్పు పాలు మిక్కుటము. న్యాయస్థానపు ఆజ్ఞ పిమ్మట తిరుప్పూరులో నీటిని పొరలగుండ వడగట్టి, మిగిలిన చిక్కని ఉప్పునీటిని ఇగురబెట్టి, చుక్కయు బయటికి వదలని పద్ధతి నెలకొల్పవలసి వచ్చినది. అదియు చౌక కాదు. అయినను అక్కడి తొట్టెలలో తీసిన నీరు మరల అద్దకమునకే వచ్చుచున్నది.

కనుక జాబు వ్రాసిన సోదరికి నా ఉత్తరము: మీ అబ్బాయి చదివినది నిజమే, కాని అది యింకను చాలవఱకు ప్రయోగశాల గడప దాటని నిజము. ఎవరైనను గాజుగ్లాసులో తేటనీరు చూపి మా కర్మాగారపు నీరు నిర్మలమనినచో, మిగిలిన కర్బనమెంత, ఉప్పెంత యని అతనిని అడుగుమనుడు. మా చెల్లెలికి ఆ సాయంత్రమే రెండు మాటలు చెప్పి వచ్చితిని: బ్లీచింగు పోయుట మానుడనియు, రంగుబానలో వట్టిచేతులు ముంచక రబ్బరుతొడుగులు తొడుగుకొనుడనియు. తొడుగులు కొన్నారట. రంగుతొట్టె నీటిని వేఱుగా పట్టి ఊరందఱికిని కలిపి ఒకచోట శుద్ధిచేయించుట మాత్రము ఒక కుటుంబము చేయగలది కాదు, సంఘము పూనుకొనవలెను. ఆ సంగతి వారి సభలో ఒకమాఱు వచ్చి, ఖర్చువద్ద ఆగినదని తెలిసినది.

చిరువేరు అద్దకమును ఇంటిలో చేయు విధము వ్రాయుమని మఱికొందఱు అడిగిరి. స్థలము చాలనందున దానిని వచ్చునెలకు ఉంచితిని. కరక్కాయలు ముందుగా తెచ్చి ఎండబెట్టి యుంచుకొనుడు.